ఉప్పూ, నీరూ, మెదడులోని లస్కరూ

పిల్లలూ! కొత్త ఆవకాయ కలుపుకొని నాలుగు ముద్దలు ఎక్కువగా తిన్న రోజున, సాయంత్రం లోపల ఎన్నిసార్లు మంచినీళ్ళు తాగుతారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? "దాహం వేసింది, తాగాము. ఇందులో వింత ఏమున్నది?" అంటారు మీరు. వింత ఉన్నది. ఉప్పు పోయింది కడుపులోకి. నీళ్ళు కావాలన్న సంగతి తెలిసింది మెదడుకు. మెదడు దానిని ఎలా గ్రహించింది? అంతకన్న ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. రోజూ అవసరానికి మించి ఉప్పు తింటూ పోతే, ఆ సంగతి కనిపెట్టే కణాలకు ఏమవుతుంది? ఈ నెల ఇది తెలుసుకుందాము.

ముందు వంటింట్లోకి పోదాము. మీ అమ్మ కాకరకాయ కూర చేసే రోజున దగ్గర నిలబడి చూడండి. ముక్కలు తరిగి, ఉప్పు రాసి, పక్కన పెడుతుంది. కొంతసేపటికి ముక్కలు వాడిపోయి మెత్తబడతాయి. గిన్నె అడుగున నీరు చేరుతుంది. ఆ నీరు ఎవరూ పోసింది కాదు, ముక్కల్లోనిదే. కాకరకాయ ముక్క అంటే కోట్ల కణాల ముద్ద. కణం చుట్టూ పల్చని పొర ఉన్నది. పొర బయట ఉప్పదనం ఎక్కువైతే, లోపలి నీరు బయటికి వస్తుంది. నీరు పోయిన కణం ముడుచుకుపోతుంది. మన ఒంటి కణాలకూ ఇదే నియమం.

అందుచేత మన రక్తంలో ఉప్పదనం ఎప్పుడూ ఒకే తీరున ఉండాలి. జబ్బుపడినవారికి నరానికి ఎక్కించే సెలైను సీసా మీరు చూసే ఉంటారు. మామూలు సెలైనులో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తపు ఉప్పదనానికి దాదాపు సరిపోయేటట్టు దానిని తయారుచేస్తారు. సముద్రపు నీటిలోనైతే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉన్నవి. సముద్రపు నీరు తాగితే దాహం తీరకపోగా పెరిగేది ఇందుకే.

ఇప్పుడొక చిన్న లెక్క. ఒంట్లో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిచిపోయిందనుకోండి. ఉప్పదనం పెరగకుండా ఉండాలంటే దానితోపాటు ఎంత నీరు అదనంగా నిలవాలి? ఒక లీటరు! అంటే ఒక కిలో బరువు. అదృష్టవశాత్తూ మన మూత్రపిండాలు ఎక్కువైన ఉప్పును ఎప్పటికప్పుడు బయటికి పంపుతూనే ఉంటాయి. కాని వాటికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో నీరు నిలవవలసిందే.

సరే, ఉప్పదనం పెరిగిందని ఎవరు కనిపెడతారు? ఈ ప్రశ్న పట్టుకొని ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన వెర్నీ అనే శాస్త్రజ్ఞుడు కుక్కల మీద ఎంతో కాలం ప్రయోగాలు చేశాడు. కుక్కకు బాగా నీళ్ళు తాగిస్తే మూత్రం ధారాళంగా వస్తుంది గదా. ఆ సమయంలో, మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనిలోకి కొంచెం ఉప్పునీరు ఎక్కిస్తే మూత్రం తగ్గిపోయింది. రక్తపు చిక్కదనం నూటికి సుమారు రెండు పాళ్ళు పెరిగినా చాలు, మెదడు పసికడుతున్నది! ఈ సంగతులను ఆయన 1947లో ప్రకటించాడు. ఆ తరువాత 1950ల మొదట్లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు బెంట్ ఆండర్సన్ మేకల మీద ప్రయోగం చేశాడు. మెదడు అడుగున ఒకచోట ఉప్పునీటి చుక్క పడేటట్టు చేయగానే, అంతవరకు దాహం లేని మేక తొట్టి దగ్గరికి పోయి గడగడా నీళ్ళు తాగింది.

ఆ చోటి పేరు హైపోథాలమస్. బాదంపప్పంత ఉంటుంది. ఆకలి, దాహం, ఒంటి వేడి, ఇలాంటివన్నీ దాని ఆజమాయిషీలో ఉన్నవి. అందులో రెండు గుంపుల నాడీకణాలు వేసోప్రెసిన్ అనే రసాన్ని తయారుచేస్తాయి. ఇవాళ మన కథలో నాయకులు ఈ కణాలే. రక్తంలో ఉప్పదనం పెరిగితే ఇవి కాకరకాయ కణాల మాదిరిగానే కొంచెం ముడుచుకుంటాయి. అలా ముడుచుకోవడమే వాటికి కబురు. కణం పొరలో ఉన్న సన్నని ద్వారాలు ఆ ముడతకు స్పందించి కణాన్ని మేలుకొలుపుతాయని కెనడా దేశంలో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారు 1993లో చూపించారు. మేలుకొన్న కణం వేసోప్రెసిన్‌ను పీయూష గ్రంథి ద్వారా రక్తంలోకి వదులుతుంది.

వేసోప్రెసిన్ ఏమి చేస్తుందో తెలియాలంటే కాలవ గట్టుకు రావాలి. మీలో కాలవల కింద ఊళ్ళలో ఉండేవారు లస్కరును చూసే ఉంటారు. తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. కాలవలో నీరు చాలకపోతే, మిగులు నీటిని మురుగుకాలవలోకి వదిలే తూమును ఆయన మూసివేస్తాడు. నీరు కాలవలోనే నిలుస్తుంది. మన ఒంట్లో ఆ తూము మూత్రపిండం. అది రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తుంది. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది. లీటరో, లీటరున్నరో మాత్రమే మూత్రంగా బయటికి పోతుంది. ఎంత నిలపాలి, ఎంత వదలాలి అన్నది చివర తేల్చేది వేసోప్రెసిన్. కనుక ఆ కణాలు మన మెదడులోని లస్కర్లు అన్నమాట.

వేసోప్రెసిన్‌కు ఇంకొక గుణం ఉన్నది. ఎక్కువ మోతాదులో ఉంటే అది సన్నని ధమనులను బిగించి ఇరుకు చేస్తుంది. కాలవలో నీరు పెరగడమే కాక, గట్లు కూడా దగ్గరికి జరిగితే ఏమవుతుంది? ఒత్తిడి పెరుగుతుంది. ధమనుల గోడల మీద రక్తం చూపే ఈ ఒత్తిడినే మనం రక్తపోటు అంటాము.

అయితే లస్కరు తన ఇష్టం వచ్చినట్టు తూము మూసి కూర్చోవడానికి వీలులేదు. పైన ఓవర్సీరు ఉంటాడు. గట్టు మీద ఒత్తిడి ఎక్కువైతే "ఇక చాలు, తలుపు ఎత్తు" అని చీటీ పంపుతాడు. మన ఒంట్లో కూడా ఓవర్సీర్లు ఉన్నారు. గుండె నుంచి బయలుదేరే మహాధమని గోడలో పోటును కనిపెట్టే నాడుల కొనలు ఉన్నవి. పోటు పెరిగితే ధమని సాగుతుంది, ఆ సాగుడును అవి పసికట్టి మెదడుకు కబురు పెడతాయి. ఆ కబురు అంచెలంచెలుగా వచ్చి, వేసోప్రెసిన్ కణాల దగ్గర గాబా అనే రసాయనం రూపంలో చేరుతుంది. గాబా చీటీ అందగానే లస్కరు నెమ్మదిస్తాడు. ఈ ఏర్పాటు ఉన్నంతవరకు, ఏనాడో ఒకసారి ఉప్పు ఎక్కువ తిన్నా పోటు అదుపులోనే ఉంటుంది.

మరి ఉప్పు ఏనాడో ఒకసారి కాక, ప్రతిరోజూ ఎక్కువైతే? మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోనే ఛార్లెస్ బూర్క్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు కలిసి ఎలుకలకు చాలా రోజులపాటు ఉప్పు ఎక్కువగా ఇచ్చి చూశారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఓవర్సీరు చీటీ రాస్తూనే ఉన్నాడు. చీటీ లస్కరుకు అందుతూనే ఉన్నది. కాని లస్కరు ఆగడం లేదు!

ఎందువల్ల? ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. గాబా వచ్చి తట్టినప్పుడు కణం మీద ఒక తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు గుండా క్లోరైడు అనే పదార్థం లోపలికి వస్తుంది. దానికి ఋణ విద్యుత్తు ఉన్నది. అది లోపలికి చేరితే కణం సద్దుమణుగుతుంది. కాని క్లోరైడు లోపలికి రావాలంటే లోపల అది తక్కువగా ఉండాలి గదా! నిండిన బస్సు తలుపు తెరిచినా ఎవరు ఎక్కగలరు? అందుకని లోపలి క్లోరైడును ఎప్పటికప్పుడు బయటికి తోడిపోసే సూక్ష్మమైన పంపులు కణం పొరలో ఉన్నవి. ఉప్పు ఎక్కువగా తిన్న ఎలుకలలో ఈ పంపులు తగ్గిపోయాయి. తోడేవారు లేక లోపల క్లోరైడు పేరుకున్నది. ఇక గాబా వచ్చి తలుపు తట్టినా కణం నెమ్మదించదు.

క్లోరైడు మనం తినే ఉప్పులో కూడా ఉన్నది గనుక, తిన్న ఉప్పే నేరుగా వచ్చి అక్కడ చేరిందని మీరు అనుకోవద్దు. జరిగింది వేరు. ఉప్పు ఎక్కువైనప్పుడు, నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే ఒక మాంసకృత్తు ఈ కణాల మీద పనిచేసింది. దాని ప్రభావంవల్ల పంపులు తగ్గాయి. తమాషా ఏమిటంటే, మనం పాఠాలు నేర్చుకొనేటప్పుడు కూడా మెదడులో ఆ మాంసకృత్తే సాయపడుతుంది. పాత అల్లికను సడలించి కొత్త అల్లిక వేయడం దాని పని. ఎక్కాలు వల్లిస్తే మెదడు ఎక్కాలు నేర్చుకుంటుంది. రోజూ ఉప్పు దట్టిస్తే, "ఆగు" అన్న మాట వినకపోవడం నేర్చుకుంటుంది. మెదడుకు మనం ఏది అలవాటు చేస్తే అదే పాఠం.

ఇలా పగ్గం సడలిన కణాలు తీరిక లేకుండా పనిచేస్తూ రక్తంలోకి వేసోప్రెసిన్ వదిలాయి. ఆ ఎలుకలలో రక్తపోటు పెరగడానికి ఈ వేసోప్రెసిన్ కూడా ఒక ముఖ్య కారణమని తేలింది.

2025లో అదే విశ్వవిద్యాలయంలో మాషా ప్రాగర్-ఖుటోర్‌స్కీ అనే శాస్త్రజ్ఞురాలి బృందం ఇంకొక సంగతి బయటపెట్టింది. మెదడులో నాడీకణాలతోపాటు వాటికి సేవ చేసే కణాలు కూడా ఉన్నవి. నక్షత్రం ఆకారంలో ఉండేవి కొన్ని, నాడీకణాల చుట్టూ కొమ్మలు చాచి, అక్కడ మిగిలిపోయిన ఉద్రేకపరిచే రసాయనాన్ని ఊడ్చివేస్తాయి. చెత్తాచెదారం తిని శుభ్రపరిచేవి మరికొన్ని. ఎలుకలకు నూటికి 2 పాళ్ళు ఉప్పు కలిపిన నీళ్ళు తాగించినప్పుడు, ఈ రెండవ రకం కణాలు వేసోప్రెసిన్ కణాల చుట్టూ గుమిగూడి, మొదటి రకం కణాల కొమ్మలను కొరికివేశాయి. ఊడ్చేవారు లేకపోయేసరికి ఉద్రేకపరిచే రసాయనం అక్కడే నిలిచింది. లస్కర్లు మరింత రెచ్చిపోయారు. ఒక పక్క ఆపే పగ్గం తెగింది, మరొక పక్క అదిలించే కర్ర ఆగడం లేదు. ఇక బండి ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇవి ఎలుకల మీద జరిగిన పరిశోధనలన్న సంగతి మరువకూడదు. మనుషులకూ అదే చోట అవే కణాలు ఉన్నవి. కాని ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి మెదడులో సన్నని తీగ దూర్చి కణాల గుసగుసలు వినలేము గదా! అదీగాక, ఉప్పు రక్తపోటును పెంచడానికి మెదడు ఒక్కటే దారి కాదు. మూత్రపిండాలకూ రక్తనాళాలకూ కూడా అందులో వాటా ఉన్నది. అయితే ఉప్పు తగ్గిస్తే పోటు తగ్గుతుందన్న సంగతి మనుషులలోనే రుజువైంది. చైనాలో 600 పల్లెలలో దాదాపు 21,000 మంది మీద సుమారు అయిదేళ్ళు ఒక పరీక్ష జరిగింది. వారంతా పూర్వం పక్షవాతం వచ్చినవారు, లేదా రక్తపోటు ఉన్న వృద్ధులు. సగం పల్లెలవారు మామూలు ఉప్పే వాడారు. మిగిలిన సగం పల్లెలవారికి 75 పాళ్ళు మామూలు ఉప్పు, 25 పాళ్ళు పొటాషియం ఉప్పు కలిపి ఇచ్చారు. ఆ కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం నూటికి 14 పాళ్ళు తగ్గింది. 2021లో ఈ ఫలితం ప్రకటించారు. వంటింటి డబ్బాలో ఉప్పు మారితే కొన్ని వందల మంది కాళ్ళూ చేతులూ నిలిచాయన్నమాట.

ఇక పెద్దలకు నాలుగు మాటలు. రక్తపోటు చెప్పి రాదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఏళ్ళ తరబడి లోలోపల గుండెను, మూత్రపిండాలను, కళ్ళను, మెదడును దెబ్బతీసి, ఒకనాడు పక్షవాతం రూపంలో బయటపడుతుంది. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపల, అంటే సుమారు ఒక చిన్న చెంచాడు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పిల్లలకు ఇంకా తక్కువ చాలు. మన సంగతి చూస్తే, 2017లో ప్రచురితమైన ఒక సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దలు రోజుకు సగటున 9 గ్రాములకు పైగా తింటున్నారని తేలింది. ఇది నోటితో అడిగి రాసుకొన్న లెక్క కాదు, మూత్రాన్ని పరీక్షించి తేల్చిన లెక్క.

ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు, ఇవన్నీ మన భోజనానికి శోభ. వాటిని వెలివేయమని నేను అనను. చల్లన్నంలో ఆవకాయ బద్ద లేకపోతే ఎలా? కాని ఒకే పూట పచ్చడీ, అప్పడమూ, ఊరుమిరపకాయా మూడూ అక్కరలేదు. పెరుగన్నంలో మళ్ళీ ఉప్పు వేసుకోనక్కరలేదు. బడి గేటు దగ్గర మామిడి ముక్కల మీద అద్దే ఉప్పూ కారమూ కొంచెం తగ్గించమని బండివానిని అడగవచ్చు. పొట్లాలలో వచ్చే చిప్సు, నూడిల్సు, సాసుల సంగతి వేరు. వాటిలో ఉప్పు కంటికి కనబడదు. పొట్లం వెనక "సోడియం" అని ఎన్ని మిల్లీగ్రాములో అచ్చువేసి ఉంటుంది. దానిని 2.5తో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాములు అని ఉంటే, 2,000 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల ఉప్పు తింటున్నట్టు. పిల్లలూ, ఈ లెక్క కట్టే పని ఇంట్లో మీరే పుచ్చుకోండి.

ఉప్పు బొత్తిగా మానడం కూడా పొరపాటే. నాడులు పనిచేయడానికి, కండరాలు కదలడానికి ఉప్పు కావాలి. వాడేదేదో అయొడైజు ఉప్పే వాడండి. అయొడిన్ లేకపోతే మరొక జబ్బు వస్తుంది. పొటాషియం కలిసిన ఉప్పు మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రమాదం, కొన్ని మందులు వాడేవారికీ పడదు. కాబట్టి డాక్టరును అడగకుండా దానిని తేవద్దు. ఉప్పు తగ్గించాము గదా అని తాతగారు రక్తపోటు మాత్రలు తమంతట తాము మానకూడదు.

"చప్పిడి కూర ఎవరు తింటారు?" అని మీరు అడుగుతారు. నాలుక కూడా చదువుకుంటుంది. ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తే, కొన్ని వారాలలో తక్కువ ఉప్పే రుచిగా తోస్తుంది. అప్పుడు పాత కూర నోట పెట్టుకుంటే ఉప్పు కషాయంలాగా ఉంటుంది. నిమ్మరసం, చింతపండు, కొత్తిమీర, అల్లం, వెల్లుల్లి చాలావరకు ఆ లోటు తీరుస్తాయి. ఈ చదువు చిన్నతనంలో చెబితే సులువు. అరవై ఏళ్ళ నాలుకకు నేర్పడం చాలా కష్టం.

చివరగా మీకొక ఇంటిపని. మీ ఇంట్లో కొత్త ఉప్పు పొట్లం విప్పిన రోజున దాని మీద తేదీ వేయండి. అది ఎన్నాళ్ళకు అయిపోతుందో చూడండి. ఇంట్లో నలుగురు ఉంటే, తలకు 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. కిలో ఉప్పు 50 రోజులు రావాలి. 25 రోజులకే ఖాళీ అయితే తలకు 10 గ్రాములు వాడినట్టు. వండిన ఉప్పంతా తినము, కొంత పారబోసే నీళ్ళలో పోతుంది. కాని జాడీలోని ఊరగాయల ఉప్పూ, బజారు పొట్లాల ఉప్పూ ఈ లెక్కలోకి రాలేదని మరువకండి. వచ్చిన లెక్క ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. తరువాతి పొట్లం అంతకన్న ఒక వారం ఎక్కువ వస్తే, మీ ఇంట్లోవారి మెదడులోని లస్కర్లు అందరికీ మీరు కొంత తీరిక ఇచ్చినట్టే.